తీరం పొడవు: వర్తించదు

ఢిల్లీ నుంచి అమరావతికి, అమరావతి నుంచి కలెక్టరేటుకి,
అక్కణ్ణుంచి నా ఫోనులోకి దిగింది ఫారం.
సముద్రంలో చెత్త నివారణ, పదమూడు గడులు,
సాయంత్రం అయిదులోగా.

రెండో గడి: మీ పరిధిలో తీరం పొడవు, కిలోమీటర్లలో.
నేను కడపలో వార్డు శానిటేషన్ సెక్రటరీని.
నా పరిధిలో రెండు మసీదులు, ఒక కల్యాణ మండపం,
పదకొండు చికెన్ కొట్లు,
ముప్పావు కిలోమీటరు బుగ్గవంక గట్టు.
సముద్రాన్ని ఒక్కసారి చూసినాను, ట్రైనింగుకి పోతా,
బస్సు కిటికీలోంచి. అదీ అర్ధరాత్రి.
'వర్తించదు' అని కొట్టి
కింది గడిలోకి దిగబోయినాను.

దిగలేదు.
పొద్దున్నే దస్తగిరి బండి దగ్గర
నూట ఇరవై మైక్రాన్ల సంగతి చెప్పి వచ్చినాను మరి.
కవరు మందం కొలిచే గేజి ఇచ్చినారు మాకు, డబ్బాతో సహా.
ముల్లు ముప్పై కాడ ఆగింది.
అతను ముల్లునూ నన్నూ వెనకున్న జనాన్నీ చూసి
"మేడమ్, ఎర్రకారం దోసెకి చెట్నీ ఇయ్యల్ల.
దేంట్లో పోసేది? మీ రూల్లో పోసేదా?" అన్నాడు.
కవరు పల్చనో రూలు పల్చనో
నా గేజికి తేలలేదు.
అయిదొందలు రాసినాను.
ఆ రసీదుని అదే కవర్లో వేసి, ముడేసి,
బండి గుంజకున్న మేకుకి తగిలించినాడు.

మస్తాన్‌బీ వంకలోకి దిగుతుంది, భుజాన గోనెతో.
ఆమెకి నిషేధం తెలీదు, రేటు తెలుసు.
నీళ్ల సీసాకొక రేటు, పాల పాకెట్టుకొక రేటు.
చిప్సు కవరుకి లేదు, గుట్కా పొట్లానికి లేదు.
"తళతళలాడేదానికి ధర పలకదు మా" అంటుంది.
తయారు చేసినోడే తిరిగి తీసకపోవాలని
రూలొచ్చిందని చెప్పినాను.
గోనె దించి, రోడ్డు పక్క చూసి,
"ఎప్పుడొస్తాడంట?" అంది.

మా వంకలో నీళ్లు చుట్టాలు.
ఎండాకాలం కంపచెట్లకి కవర్లు కాస్తాయి,
గాలికి గలగలమంటాయి, రాత్రయితే కుక్కలు మొరుగుతాయి వాటిని చూసి.
మా చెత్త పారదు. కాచుకోనుంటాది,
బస్టాండులో మూట మీద కూర్చున్న మనిషి మాదిరి.
కార్తీకంలో టీవీ వాయుగుండం అంటుంది.
మూడో రోజుకి ఆ సముద్రమే మబ్బయి నడిచొచ్చి
మా మీద పడుతుంది.
ఒక్క రాత్రి. గట్టు పట్టక అరుస్తుంది వంక.
తెల్లారి చూస్తే కంపచెట్లు తలంటి పోసుకున్నట్టుంటాయి.
వాన ఊరిని కడిగిందంటారు జనం.
పై ఆఫీసరు ఫోటో పంపమంటాడు, 'పనికి తర్వాత' అని రాసి.

కడిగింది యాడికి పోయింది?

వంక పెన్నలో కలుస్తుంది.
పెన్న సోమశిలలో కాసేపు నిలబడి ఊపిరి పీల్చుకుని
నెల్లూరు దాటుతుంది.
అక్కడ నాలాంటిదే ఇంకొకతె, ఇదే ఫారం,
తీరం పొడవు తడుముకోకుండా రాసేసి
'చెత్త ఎక్కడిది' అన్న గడి దగ్గర
వేలు ఆగిపోయి ఉంటుంది.
పొద్దున్నే వల గుంజినోడి చేతికి ముడేసిన కవరొకటి తగిలి
విప్పితే, సగం నానిన కాగితం,
అయిదొందలు, కింద నా సంతకం.

నాలుగూ యాభై.
పైకి పోయి 'వర్తించదు' చెరిపినాను.
'ముప్పావు' అంటే పట్టలేదు ఫారానికి, అంకెలే కావాలంట.
సున్నా, చుక్క, ఏడు, అయిదు.
పంపినాను.

అయిదుంబావుకి ఫోను.
"కడపకి సముద్రమేందమ్మా? అంకె తప్పు కొట్నట్టున్నావు, సరిచేసి పంపు."
వంకలోంచి మస్తాన్‌బీ పైకొస్తోంది, గోనె బరువుకి వంగి.
ఒక చెయ్యి ఆమెకి అందించి
రెండో చేత్తో ఫోను చెవికి ఆనించుకుని
అన్నాను,
"లేదు సార్. కొలిచే రాసినా."